ఈ జంతువును మనిషే వేటాడాడా? పాత ఎముకల్ని చదవడం ఎలా

తవ్వకంలో ఒక పొర బయటపడుతుంది. రాతి పనిముట్లు, వాటి మధ్య జింక దవడలు, గుర్రం పళ్ళు, చితికిన కాళ్ళ ఎముకలు. చూడగానే మనసు కథ అల్లేసుకుంటుంది: ఇక్కడ ఆదిమానవులు వేటాడారు, కోసుకున్నారు, తిన్నారు. నిజంగా అదే జరిగి ఉండొచ్చు కూడా, కానీ ఆ మాట ఎముకల చేత చెప్పించాలి తప్ప మనం చెప్పకూడదు. రాయీ ఎముకా ఒకే చోట దొరికినంత మాత్రాన వేట జరిగినట్టు కాదు. ఎముకల సంచీ ముందేసుకుని కూర్చోబోయే విద్యార్థికైనా, "లక్షల ఏళ్ళ కిందటే ఏనుగుల వేట" అన్న వార్త చదివి ఇది ఎంతవరకు నమ్మొచ్చు అనుకునేవాళ్ళకైనా, అడగాల్సిన ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అవేంటో, ఏ వరసలో అడగాలో చెప్తాను.

తొందరపడితే ఏమవుతుందో చూపించడానికి రేమండ్ డార్ట్ కథే చాలు. మనిషికి దూరపు పూర్వీకుల్లాంటి ఒక ఆదిజీవికి, ఆస్ట్రలోపితెకస్ ఆఫ్రికానస్‌కు, 1925లో పేరు పెట్టిన పెద్ద శాస్త్రవేత్త ఆయన. దక్షిణాఫ్రికాలోని మకపాన్స్‌గాట్ గుహలో దొరికిన వేలాది ఎముకల్లో కొన్ని భాగాలు విపరీతంగా ఎక్కువ, కొన్ని అసలు కనిపించవు. ఇది చూసి, ఈ ఆదిజీవులు ఎముకల్నీ పళ్ళనీ కొమ్ముల్నీ ఏరుకుని ఆయుధాలుగా వాడారని, క్రూరమైన వేటగాళ్ళని ఆయన తేల్చేశారు. తర్వాత సి.కె. బ్రెయిన్ అనే ఆయన ఆ గుహల ఎముకల మీద ఏళ్ళ తరబడి కూర్చున్నారు. స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన, అలాంటి ఆదిజీవి పిల్ల పుర్రె ఒకదాని మీద రెండు చిల్లులున్నాయి, వాటి మధ్య దూరం చిరుతపులి కింది కోరపళ్ళ మధ్య దూరానికి సరిపోయింది. వేటగాడని మనం అనుకున్నవాడు అక్కడ వేటకు బలైనవాడు.

మొదటి ప్రశ్న: ఈ ఎముకలు ఇక్కడికి ఎలా వచ్చాయి?

గాట్లు వెతకడానికి ముందు మట్టిని చూడండి. పారే నీళ్ళు ఎముకల్ని కొట్టుకొచ్చి ఒక చోట పోగేస్తాయి. పక్కటెముకలు, వెన్నుపూసల్లాంటి తేలికైనవి ముందు కొట్టుకుపోతాయి, పుర్రెలు, దవడలు వెనకబడతాయి. కాబట్టి మీ దగ్గర దవడలే మిగిలి, పొడవాటి ఎముకలన్నీ ఒకే దిక్కుకు తిరిగి, అంచులు అరిగి ఉంటే, నదిని అనుమానించండి. చిన్న రాతి పెచ్చులు, ఎముకల నలుసులు కూడా అదే పొరలో ఉన్నాయా అన్నది ఇంకో మంచి పరీక్ష, ఎందుకంటే ప్రవాహం ముందుగా తీసుకుపోయేది వాటినే. సన్న జల్లెడ పట్టకుండా తవ్విన చోట ఈ ప్రశ్నకు జవాబే ఉండదు.

గుహ అయితే దుమ్ములగొండి, చిరుత, ముళ్ళపంది ముగ్గురూ అనుమానితులే. దుమ్ములగొండి పొడవాటి ఎముక రెండు చివర్లూ నమిలేసి మధ్యలో గొట్టంలాంటి ముక్క వదిలేస్తుంది, దాని కడుపులోంచి బయటపడిన ముక్కలు ఆమ్లానికి కరిగి నున్నగా, అంచులు పలచబడి కనిపిస్తాయి. ముళ్ళపంది ఎముక అంచున పక్కపక్కనే వెడల్పైన చదును గాళ్ళు గీస్తుంది. ఎముక ఎంతకాలం ఎండకు పడి ఉందో కూడా చూడాలి. కెన్యాలోని అంబోసెలిలో చేసిన పరిశీలనల మీద ఆధారపడి అన్నా బెహ్రెన్స్‌మేయర్ 1978లో ఇచ్చిన 0 (తాజా ఎముక) నుంచి 5 (చివికి రాలిపోతున్న ఎముక) వరకు దశల పట్టికనే ఇప్పటికీ వాడుతున్నారు. ఒకే పొరలో 0 దశ ఎముకలూ 4వ దశ ఎముకలూ కలిసి ఉంటే అవి ఒక్కసారిగా పడినవి కాకపోవచ్చు. "ఒక వేట, ఒక విందు" అనే కథ అక్కడే బలహీనపడుతుంది.

లెక్క

ఇది బోరు కొట్టే పని, అయినా తప్పదు. ముక్కలు ఎన్ని అన్నది ఒక లెక్క, కనీసం ఎన్ని జంతువులు అన్నది వేరే లెక్క. జింక జబ్బ ఎముక (ముందుకాలి పై ఎముక) కింది చివరలు ఎడమవి 7, కుడివి 5 దొరికాయనుకోండి: ఒక్కో జింకకు ఎడమది ఒక్కటే ఉంటుంది కాబట్టి కనీసం 7 జింకలు. 12 కాదు. 300 ముక్కలు అని వార్త రాస్తే 300 జంతువులు అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, అవి రెండు మూడు జంతువులవే కావచ్చు. గుర్తుపట్టలేని ముక్కల్ని పారేయొద్దు. ఎముకలో మిగిలిన కొల్లాజెన్ ప్రోటీన్‌ను పరీక్షించి అది ఏ రకం జంతువుదో చెప్పే పద్ధతి ఇప్పుడుంది, గోరంత ముక్క చాలు. వేడి ప్రదేశాల్లో, బాగా పాత ఎముకల్లో మాత్రం కొల్లాజెన్ మిగలదు.

గాట్లు చదవడం

అసలు పని ఇక్కడుంది, ఓపిక కావాల్సిందీ ఇక్కడే. 10 నుంచి 20 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గట్టి వెలుతురున్న దీపం ఉండాలి. దీపాన్ని పైనుంచి కాకుండా పక్కనుంచి, ఎముక ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేలా పెట్టండి, అప్పుడే సన్నని గీతకు కూడా నీడ పడుతుంది. ఎముకను మెల్లగా తిప్పుతూ ఉండండి, ఒక కోణంలో అసలు కనపడని గీత ఇంకో కోణంలో స్పష్టంగా లేస్తుంది. కళ్ళకు కనిపించే గాట్లే లెక్కపెట్టి ఊరుకుంటే చాలావాటిని పోగొట్టుకుంటారు.

రాతి పెచ్చుతో కోసిన గాటు లోపల సన్నగా, లోతుగా, కోసుగా ఉంటుంది. రాతి అంచు బ్లేడులా నున్నగా ఉండదు కాబట్టి, గాటు లోపలి గోడల మీద పొడవునా ఇంకా సన్నటి గీతలు సమాంతరంగా కనిపిస్తాయి. గాట్లు ఒంటరిగా కాకుండా రెండు మూడు పక్కపక్కన, ఒకే దిక్కుకు ఉంటాయి. పంటి గాడి అలా కాదు, అడుగు గుండ్రంగా, నలిగినట్టు ఉంటుంది, తరచు ఎముక రెండోవైపు కూడా దానికి జోడీ గుంట దొరుకుతుంది, దవడకు రెండు వైపులుంటాయి కదా. మూలుగ కోసం రాతితో కొట్టినప్పుడు పడే గుంటలో గానీ పక్కన గానీ, రాయి జారినచోట సన్నటి గీతల గుంపు ఉంటుంది, పగిలిన అంచున అర్ధచంద్రాకారపు పెచ్చు లేచి ఉంటుంది. పచ్చి ఎముక పగిలితే పగులు మెలికలు తిరిగి నున్నటి అంచుతో ఉంటుంది, ఎండిన ఎముక అడ్డంగా, గరుకుగా విరుగుతుంది.

ఇప్పుడు మోసం చేసేవి. జంతువుల గిట్టల కింద ఇసుకలో నలిగిన ఎముక మీద పడే గీతలు కోతగాట్లలాగే ఉండి చాలామందిని బోల్తా కొట్టించాయి. తేడా ఏంటంటే అవి లోతు తక్కువ, కొంచెం వంకరగా పోతాయి, అన్ని దిక్కులకూ ఉంటాయి, ఎముక అంతా పరుచుకుని ఉంటాయి. ఇసుక రేణువుకు కండ ఎక్కడ అతుక్కుందో తెలియదు, కోసేవాడికి తెలుసు. అందుకే గాటు ఆకారంతో పాటు చోటునూ ఎప్పుడూ రాసుకోండి. కీలు దగ్గర గాట్లు ఉంటే అవయవాన్ని విడదీసినట్టు, గిట్టకు పైన సన్నని కాలి ఎముక మీద చుట్టూ ఉంటే తోలు వలిచినట్టు, కండ దట్టంగా ఉండే ఎముక మధ్యభాగంలో ఉంటే మాంసం ఒలిచినట్టు. చెట్ల వేళ్ళు గీసేవి కొమ్మలు కొమ్మలుగా చీలిపోతాయి, వాటిని గుర్తుపట్టడం తేలిక. మొసలి పళ్ళు మాత్రం కష్టం, వాటి అంచు పదునుకు రాతి గాటులాంటి గీతే పడుతుంది. తవ్వేటప్పుడు పార తగిలిన గీతలు చుట్టూ ఉన్న ఉపరితలం కంటే లేత రంగులో ఉంటాయి.

ఇథియోపియాలోని డికికాలో దొరికిన, సుమారు 34 లక్షల ఏళ్ళ నాటి రెండు ఎముకల మీద రాతి గాట్లున్నాయని 2010లో ప్రకటించారు. ఇప్పటివరకు దొరికిన అతి పాత రాతి పనిముట్లు కెన్యాలోని లొమెక్విలోవి, వాటి వయసు 33 లక్షల ఏళ్ళు. అంటే డికికా నిజమైతే పనిముట్ల చరిత్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. కానీ అవి తొక్కుడు గీతలేనని కొందరు, మొసలి గుర్తులు కావచ్చని కొందరు వాదించారు, ఆ గొడవ ఇంకా తెగలేదు. రెండే ఎముకల మీద అంత బరువు పెట్టడం నాకైతే సబబుగా అనిపించదు. వందల ఎముకల్లో, అర్థమున్న చోట్లలో, మళ్ళీ మళ్ళీ కనిపించే గాట్లే నమ్మకం కలిగిస్తాయి.

నేర్చుకోవాలంటే మీరే గాట్లు పెట్టి చూడండి. మాంసం ఉన్న ఒక కాలు తీసుకుని రాతి పెచ్చుతో ఒలవండి (రాయి పగలగొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి), తర్వాత నీళ్ళలో ఉడికించి శుభ్రం చేయండి, తీగ బ్రష్షుతో మాత్రం రుద్దకండి. ఇంకో శుభ్రమైన ఎముకను గరుకు ఇసుకలో పెట్టి బూట్లతో తొక్కండి. మూడో దాన్ని కుక్కకు వేయండి. మూడూ పక్కపక్కన పెట్టుకుని అదే దీపం కింద చూడండి. పుస్తకంలో బొమ్మలు ఎన్ని చూసినా రాని నమ్మకం కంటికి అప్పుడొస్తుంది. పరిశోధకులు కూడా ఇలాంటి పోలిక ఎముకలు దగ్గర పెట్టుకునే పనిచేస్తారు.

ముందెవరు వచ్చారు?

గాటు ఉందంటే మనిషి కోశాడని అర్థం. చంపాడని కాదు. సింహం తిని వదిలేసిన కళేబరం మీద కూడా కోయొచ్చు. అందుకే మనిషి ఆ జంతువు దగ్గరికి ఎప్పుడు చేరాడన్నది అసలు ప్రశ్న.

సింహాలు ముందు పొట్ట చీల్చి లోపలివి తింటాయి, తర్వాత తొడలు, ముందుకాళ్ళ పైభాగం ఖాళీ చేస్తాయి. అవి వెళ్ళాక చేరినవాడికి తొడ ఎముక, జబ్బ ఎముక మధ్యభాగంలో కోయడానికి పీచులు తప్ప ఏమీ ఉండదు. రాతితో పగలగొట్టి మూలుగ తీసుకోవడమే మిగులుతుంది. కాబట్టి ఆ పై ఎముకల నడుమ భాగంలోనే గాట్లు దండిగా ఉంటే మాంసం ఉండగానే మనిషి చేరాడన్నమాట. పంటి గుర్తులు తక్కువగా ఉంటే ఆ మాటకు ఇంకా బలం.

టాంజానియాలోని ఓల్డువాయ్‌లో, 1959లో మేరీ లీకీకి ఒక ఆదిజీవి పుర్రె దొరికిన ఎఫ్.ఎల్.కె. జింజ్ అనే చోటు ఈ వాదానికి యుద్ధరంగమైంది. వయసు సుమారు 18.4 లక్షల ఏళ్ళు. ఆ ఎముకల మీద కోతగాట్లున్నాయని 1981లో హెన్రీ బన్ ఒకవైపు, రిచర్డ్ పాట్స్, పాట్ షిప్‌మన్ ఇంకోవైపు ప్రకటించారు. లూయిస్ బిన్‌ఫర్డ్ మాత్రం ఆ మనుషులు మృగాలు వదిలేసిన ఎముకల దగ్గర ఏరుకున్నవాళ్ళే అన్నారు. రాబర్ట్ బ్లూమెన్‌షైన్ ముందు మృగం, తర్వాత మనిషి, చివర దుమ్ములగొండి అనే మూడు మెట్ల వరసను ప్రతిపాదించారు. మాన్యుయెల్ డొమింగెజ్ రోడ్రిగో బృందం అవే ఎముకల్ని మళ్ళీ చూసి, పంటి గుర్తులుగా లెక్కేసిన వాటిలో చాలా మటుకు మట్టిలో సూక్ష్మజీవులు, వేళ్ళు చేసినవని, అసలు పంటి గుర్తులు చాలా తక్కువని చెప్పింది. ఒకే ఎముకల మీద ఇద్దరు నిపుణుల లెక్కలు ఇంత దూరంగా రావడం చూస్తే టెన్షన్ పడనక్కర్లేదు గానీ, గుర్తుల్ని ఎవరు, ఏ నియమంతో లెక్కపెట్టారన్నది ఎందుకు చదవాలో అర్థమవుతుంది.

వేటా, ఏరుకోవడమా అన్నది రెండింటిలో ఒకటే కానక్కర్లేదు. కెన్యాలోని కంజెరా సౌత్‌లో, సుమారు 20 లక్షల ఏళ్ళ కిందటి పొరల్లో, చిన్న గజెల్ జింకలు ఒళ్ళంతా దొరుకుతాయి, గాట్లున్నాయి, పంటి గుర్తులు తక్కువ. అంత చిన్న జంతువును సింహం చంపితే కొద్ది సేపట్లోనే ఏమీ మిగలదు, కాబట్టి వాటిని మనుషులే పట్టుంటారనడం సమంజసం. అదే చోట కొంచెం పెద్ద జింకల తలలు మాత్రం మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి. మృగాలు తిని వదిలేసిన తలల్ని మెదడు కోసం మోసుకొచ్చారని పరిశోధకుల అభిప్రాయం. ఒకే మనుషులు, ఒకే చోట, రెండు దారులు.

ఏ భాగాలు లేవో కూడా చూడండి, కానీ జాగ్రత్తగా

వేటగాళ్ళు పెద్ద జంతువును చంపితే బరువైన, మాంసం లేని భాగాల్ని అక్కడే వదిలి కాళ్ళను మోసుకెళ్తారు. అందుకని కాళ్ళే దొరికితే "మాంసం ఉన్న భాగాలు ఎంచుకున్నారు" అని రాసేయాలనిపిస్తుంది. ఇక్కడ బ్రెయిన్ చేసిన ఇంకో పని గుర్తుపెట్టుకోవాలి. నమీబియాలో కుయిసెబ్ నది పక్క పల్లెల్లో జనం తిని, కుక్కలు నమిలి వదిలేసిన మేకల ఎముకల్ని ఆయన పోగుచేశారు. మేకలన్నీ ఊళ్ళోనే కోసినవి, అంటే ఒళ్ళంతా అక్కడే ఉండాలి. అయినా జబ్బ ఎముక కింది చివరలు బోలెడు మిగిలాయి, పై చివరలు దాదాపు లేవు. కింది చివర చిన్న వయసులోనే గట్టిపడుతుంది, పై చివర ఆలస్యంగా అతుక్కుంటుంది, స్పాంజిలా మెత్తగా, కొవ్వుతో ఉంటుంది, కుక్క దాన్ని వదలదు. మకపాన్స్‌గాట్‌లో డార్ట్ చూసిన లెక్క కూడా ఇలాంటిదే. ఎవరూ ఏరుకోలేదు, గట్టివి మిగిలాయంతే. కాబట్టి మిగిలిన భాగాల పట్టికను ఎముక సాంద్రత పట్టికతో పోల్చి చూడకుండా "ఎంపిక" అనే మాట వాడొద్దు.

చచ్చినవాటి వయసు

పళ్ళు వేటగాడిని పట్టిస్తాయి. పాలపళ్ళు ఊడాయా, ఎంత అరిగాయి అన్నదాన్ని బట్టి జంతువును పిల్ల, మంచి వయసు, ముసలిది అని విడదీయొచ్చు. రోగంతో, ఆకలితో చచ్చేవాటిలో పిల్లలు, ముసలివే ఎక్కువ, తరిమి పట్టే మృగాలకు దొరికేవి కూడా ఎక్కువగా అవే. వరదలో మంద మొత్తం చస్తే బతికున్న మంద ఎలా ఉంటుందో అచ్చం అలాగే అన్ని వయసులూ ఉంటాయి. మంచి వయసులో ఉన్నవే ఎక్కువగా, పొర తర్వాత పొరలో దొరికితే, అలా మళ్ళీ మళ్ళీ చేయగలిగింది ఎంచుకుని కొట్టే వేటగాడే. మాంసం, కొవ్వు ఎక్కువుండేది వాటిలోనే. పులి, చిరుతల్లాంటి పొంచి పట్టే మృగాలు అన్ని వయసులవాటినీ పట్టగలవు కాబట్టి వయసు పట్టిక ఒక్కదానితోనే తీర్పు చెప్పకూడదు, గాట్లతో కలిపి చదవాలి.

జర్మనీలోని నాయ్‌మార్క్ నార్డ్‌లో 1,25,000 ఏళ్ళ నాటి, నేటి ఆఫ్రికా ఏనుగు కంటే పెద్దవైన ఏనుగులు 70కి పైగా దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం పెద్దవయసు మగవి, ఒళ్ళంతా కోతగాట్లు, మృగాల పంటి గుర్తులు బాగా తక్కువ. మగ ఏనుగు మందకు దూరంగా ఒంటరిగా తిరుగుతుంది. నియాండర్తల్‌లు (మనకు దగ్గరి చుట్టాలైన, అంతరించిపోయిన మనుషులు) ఎంచుకుని వేటాడారని 2023లో వచ్చిన పరిశోధన చెప్పింది, ఒక్క ఆయుధం చూపించకుండానే. నా దృష్టిలో ఈ పద్ధతి బలం చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఆయుధం దొరికితే

అది అదృష్టం. సిరియాలోని ఉమ్ ఎల్ త్లెల్‌లో అడవి గాడిద మెడపూసలో రాతి మొన విరిగి ఉండిపోయింది. న్యూమెక్సికోలోని ఫోల్సమ్‌లో 1920ల్లో పాత బైసన్ పక్కటెముకల మధ్య రాతి మొన కనిపించాకే అమెరికాలో మంచుయుగపు మనుషులున్నారని పండితులు ఒప్పుకున్నారు. నాయ్‌మార్క్ నార్డ్‌లోనే రెండు ఫాలో జింకల ఎముకల మీద ఈటె పోటు గాయాలున్నాయి. చెక్క ఈటెలు తయారుచేసి పొడిచి చూసి, అవి చేతిలో పట్టుకుని పొడిచినవేనని 2018లో రాశారు. చిల్లు కనిపించగానే ఈటె అనకండి, కోరపన్ను కూడా చిల్లు పెడుతుంది. చిల్లు చుట్టూ కొత్త ఎముక పెరిగి ఉంటే ఆ దెబ్బ తర్వాత కూడా జంతువు బతికిందని అర్థం.

చెక్క నీటమునిగిన మట్టిలో తప్ప నిలవదు, కాబట్టి ఆయుధం లేకపోవడం దేనికీ రుజువు కాదు. జర్మనీలోని షోనింగెన్‌లో 1990ల్లో హార్ట్‌మూట్ థీమె బృందానికి చెక్క ఈటెలు, వాటితోపాటు గాట్లున్న గుర్రాల ఎముకలు దొరకడం అలాంటి మట్టి పుణ్యమే. దాని వయసు మొదట 4 లక్షల ఏళ్ళన్నారు, తర్వాత 3 లక్షలన్నారు, 2025లో వచ్చిన పరిశోధన సుమారు 2 లక్షలంటోంది. ఈటెలు మారలేదు, వాటిని పట్టుకున్నది ఎవరన్న చర్చ మాత్రం దీంతో మారిపోతుంది. కాబట్టి ఏ చోటు గురించి రాసినా తేదీ ఎప్పుడు కట్టారో, ఏ పద్ధతిలో కట్టారో కూడా చూసుకోండి.

రాసేటప్పుడు మూడు వాక్యాల్ని కలిపేయకండి. "కోశారు" అనడానికి సరైన చోట్లలో గాట్లుంటే చాలు. "మాంసం ఉండగానే చేరారు" అనాలంటే పై ఎముకల నడుమ గాట్లు, తక్కువ పంటి గుర్తులు కావాలి. "వేటాడారు" అనాలంటే దానికి తోడు వయసు పట్టిక గానీ, ఆయుధపు గాయం గానీ, లేదా వేరే మృగం చంపి ఉండదని చూపించే కారణం గానీ కావాలి. పరిశోధనా పత్రం చదివేటప్పుడు కూడా ముందు పట్టికలకు వెళ్ళండి: ఎన్ని ఎముకల మీద గాట్లున్నాయి అన్నది ఒక్కటే చాలదు, ఉపరితలం పాడవకుండా చూడదగ్గ స్థితిలో ఉన్నవి ఎన్ని, వాటిలో ఎన్నిటికి గాట్లు, ఏ ఎముక, ఏ భాగం అన్నవి విడివిడిగా ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే ఆ "వేట"ను పెన్సిల్‌తో రాసుకోండి.